పలచన నీళ్లలో పరాక్రమం

చుక్క రక్తంతో అల్జీమర్స్‌ను ఇరవై ఏళ్ల ముందే పట్టేస్తామని గ్రాఫీన్ సెన్సర్ పట్టుకుని ఫొటోకు నిలబడ్డ ప్రొఫెసరుగారూ, ఆ చుక్క ఎవరిది?

ఎవరిదీ కాదు. అసలు రక్తమే కాదు. శుభ్రమైన బఫర్ ద్రావణంలో కొని తెచ్చిన అమిలాయిడ్ అనే అల్జీమర్స్ ప్రొటీన్ కలిపి, మీరు వేసిందాన్ని మీరే కనిపెట్టి జబ్బలు చరుచుకున్నారు.

నెత్తుట్లో దిగితే తెలుస్తుంది. మీ గ్రాఫీన్ సెన్సర్ ఒక ట్రాన్సిస్టర్, అది ప్రొటీన్ మీది విద్యుదావేశాన్ని పసిగట్టాలి. రక్తంలోని ఉప్పు ఆ ఆవేశాన్ని ఒక నానోమీటరు దాటకుండానే కప్పేస్తుంది. ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ ఎత్తే పది నానోమీటర్లు! ఇది చాలదన్నట్టు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్ వచ్చి సెన్సర్ ముఖాన మేట వేస్తుంది. దీనికి ఎక్కువమంది కనిపెట్టిన మందేమిటో తెలుసా? ద్రావణంలో ఉప్పు తగ్గించడం. రోగం మారదు, సెన్సర్ మారదు, నీళ్లు మారతాయి. పేపరు అచ్చవుతుంది. ప్రమోషన్ వస్తుంది.

సైన్స్ వ్యతిరేకినంటారా? అనుకోండి, నాకేం పోయింది. పనిచేసే పరీక్ష ఉంది కనకే ఒళ్లు మండుతోంది. 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ ఫుజిరెబియో కంపెనీ రక్తపరీక్షకు అనుమతినిచ్చింది. పీ-టావ్ 217 అనే మరో అల్జీమర్స్ ప్రొటీన్‌కూ అమిలాయిడ్‌కూ ఉన్న నిష్పత్తిని చూస్తుందది. 499 మంది అసలు మనుషుల రక్తంతో పరీక్షించారు. అయినా 55 ఏళ్లు నిండి, మతిమరుపు మొదలైనవాళ్లకే వాడమన్నారు. దాన్నొక్కదాన్నే నమ్మి జబ్బు తేల్చొద్దన్నారు. ఆ వినయంలో వీసమెత్తైనా మీ ప్రెస్‌మీట్‌లో ఉందా?

ఇప్పుడు పాఠకుడా, నీ వంతు. 'చుక్క రక్తం' వార్త చూడగానే ఫ్యామిలీ గ్రూపులో పడేస్తావు. ఇంట్లో నాన్న అడిగిందే అడుగుతుంటే 'చాదస్తం' అని నవ్వి టీవీ సౌండు పెంచుతావు. ఆ వార్త చెప్పనిది ఒకటుంది: కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో మెదడు బాగానే ఉన్నా పీ-టావ్ పెరిగి కనబడొచ్చని తెలుసా? శ్రీకాకుళం ఉద్దానం సంగతి తెలుసుగా, ఊళ్లకు ఊళ్లే కిడ్నీ జబ్బుతో కునారిల్లుతున్న చోటు. ఎక్కడో కిడ్నీలు బాగున్నవాళ్ల రక్తంతో గీసిన హద్దు గీతను తెచ్చి అక్కడి పెద్దాయనకు అల్జీమర్స్ అని అంటగడితే, వైద్యం మాట దేవుడెరుగు, మర్నాడే పొలం కాగితాల మీద వేలిముద్రలకు ఇంట్లో తొందర మొదలవుతుంది. ఆ తప్పుడు అంకెకు జవాబు చెప్పడానికి ఫొటోలోని ప్రొఫెసరు ఉద్దానం వస్తాడా?

రాడు. అందుకే ఈసారి ఎవరైనా సెన్సర్ ఎత్తి చూపితే చప్పట్లు కొట్టకు. ఎంతమంది రక్తంలో చూశావు, అందులో ఉద్దానం రక్తం ఉందా అని అడుగు. నీళ్లు నమిలితే లేచి వచ్చేయ్.