లెక్క అడగడం రోగి తప్పా?

వైరస్ జ్వరం తగ్గినా ఏళ్ల తరబడి వదలని దీర్ఘకాలిక అలసటను ‘మనోదౌర్బల్యం’గా కొట్టిపారేసే వైద్యులు నేటికీ ఉన్నారు. క్రమంగా వ్యాయామం పెంచితే మేలని, 641 మందిని పరిశీలించిన బ్రిటన్ ‘పేస్’ పరిశోధన 2011లో ప్రకటించింది. ఆ లెక్క విడ్డూరం చూడండి: శారీరక సామర్థ్యంలో నూటికి 65, అంతకు తక్కువ ఉన్నవారినే రోగులుగా చేర్చుకున్నారు, తీరా 60 ఉంటే ఆ అంశంలో కోలుకున్నట్టేనన్నారు! అంటే దిగజారినవాడూ గట్టెక్కినవాడే. ఈ మెలికను పట్టుకున్నది రోగులు. వివరాలు అడిగితే వేధింపన్నారు. చివరకు ఒక రోగి సమాచార హక్కు కింద పోరాడగా, 2016లో ట్రిబ్యునల్ వాటిని ఇప్పించింది. 2021లో బ్రిటన్ మార్గదర్శక సంస్థ ‘నైస్’ ఆ వ్యాయామ చికిత్సను వద్దంది. కొవిడ్ అనంతరం ఇదే నిస్త్రాణతో వచ్చినవారికి ‘నాలుగడుగులు నడవండి’ అని చెప్పే వైద్య మిత్రులారా, నడిచిన మర్నాడు వారి పరిస్థితి ఏమిటో ఎన్నడైనా అడిగారా?