లారీ మీటర్లు – ఎర్తు తీగ

ధాన్యమును మిల్లులకు చేరవేయు పాత లారీలలో మీటరు తప్పు చూపిన, అది చెడినదని తలచి, దానిని నమ్మక బండి నడుపుట మన ప్రాంతమున పరిపాటి. ఈ యలవాటు మానవలయునని మా యభిప్రాయము.

చేనికి బోదెకాలువ యెంత ముఖ్యమో మురుగుకాలువయు నంత ముఖ్యము. విద్యుత్తు తీగ వెంట మీటరునకు వచ్చి, లారీ యినుప చట్రము గుండ బ్యాటరీకి మరలును. ఈ మరలు దారియే ఎర్తు. 1954లో జంషెడ్‌పూరున తయారు కానారంభించిన టాటా బెంజి లారీలు మొదలుకొని పాతవానిలో సామాన్యముగా నిదియే యేర్పాటు. అడవులదీవి వంటి తీరగ్రామములలో ఉప్పుగాలికి బోల్టులు త్రుప్పుపట్టి యీ దారి పూడిపోవును. అప్పుడు విద్యుత్తుతో పనిచేయు వేడిమి మీటరు, ఇంజను కాగిపోవుచున్నను, తక్కువ వేడిమినే చూపును. ఇంజను పట్టివేసిన, కోతల నడుమ ధాన్యము రోడ్డుపై నిలుచును; ఖర్చు సభ్యులందరిపై బడును.

హెడ్‌లైట్లు వేయగనే మీటర్ల ముండ్లు కదలిన, ఎర్తును శంకింపవలెను. బ్యాటరీ యొక్క ఏ కొన చట్రమునకు కలుపబడినదో, ఆ కొననుండి యొక తీగను మీటరు ఒంటికిని, పిదప సెన్సారు ఒంటికిని తాకింపుడు. ముల్లు సరియైనచో దోషము మీటరుది కాదు, ఎర్తుది. అంతట బ్యాటరీ తీగ విప్పి, బోల్టు చుట్టు రంగును త్రుప్పును గీకి, మీటర్లన్నిటిని ఒక్క తీగతో చట్రమునకు బిగించి, పైన గ్రీజు పూయవలెను. సెన్సారు మరలకు టేపు చుట్టరాదు.

గజము తీగతో తీరు పనికి క్రొత్త మీటరు కొనుట దుబారా. ప్రతి సంవత్సరము సార్వా కోతలకు ముందు సంఘమువారే తమ లారీలకు ఈ పరీక్ష చేయించుట మేలు.