ముందు నంబరు, తర్వాత కాగితాలు, ఆ తర్వాతే యాప్‌లు

పోస్టు కాస్త పెద్దది. తీరిక ఉన్నప్పుడే చదవండి, కానీ చివరిదాకా చదవండి.

ఈ మధ్య యూట్యూబ్ తెరిస్తే చాలు, ఫోన్‌తో రోజును ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పే వీడియోలే. పొద్దున్నే ఐదింటికి లేవాలంట, క్యాలెండర్‌లో గంట గంటకీ పని రాసుకోవాలంట, ఆ యాప్ వేసుకోవాలంట, ఈ యాప్ వేసుకోవాలంట. మేమూ చూశాం, కొన్ని పాటించి కూడా చూశాం. అవి తప్పని అనం. కానీ ఆ వీడియోల్లో ఒక మనిషికి ఒక ఫోను ఉంటది. మన ఇళ్లలో ఐదుగురికి కలిపి ఒక ఫోను. ఆ ఒక్కటి కూడా ఫిబ్రవరి వచ్చేసరికి అమ్మానాన్నలతో పాటు మిర్చి కోతలకి పోద్ది.

మాలో ఒకరికి జరిగిన సంగతి చెప్తాం. పేరు వద్దు. వాళ్లది మాచర్ల వైపు తండా, చదివేది నరసరావుపేటలో డిగ్రీ. స్కాలర్‌షిప్ పని పూర్తి చెయ్యటానికి అది ఆఖరి రోజు. ఆధార్‌కి లింకైన నంబరు వాళ్ల అమ్మ దగ్గరున్న చిన్న ఫోన్లో ఉంది. ఆమె చేలో ఉంది. ఇక్కడ నెట్ సెంటర్లో కూర్చుని ఫోన్ చేశాడు.

"యాడీ, మెసేజ్ వచ్చింది చూడు, ఆరు అంకెలు ఉంటయ్, చెప్పు."

"నాకు చదవటం ఎక్కడ వచ్చు బేటా? ముఠా మేస్త్రీ కొడుకు నీళ్లకి పోయిండు, రాంగానే చదివిస్తా."

ఆ పిల్లోడు వచ్చి చదివేసరికి ఓటీపీ టైమ్ అయిపోయింది. మళ్లీ పంపిస్తే సిగ్నల్ లేదు. నాలుగోసారికి, ఇక రేపు ప్రయత్నించమని వచ్చింది. రేపటికి గడువు లేదు. ఆ ఏడాది ఫీజు కట్టటానికి వాళ్ల నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. కోతల్లో వచ్చిన కూలి డబ్బుల్లో సగం ఆ అప్పుకే పోయింది.

కాలేజీలో ఏమన్నారంటే, "ముందే చేసుకోవచ్చు కదయ్యా, మీకు ఏదీ టైముకి చెయ్యటం రాదు" అన్నారు. ఈ మాట మనలో చాలామంది విన్నదే. ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుందాం. గడువు తేదీ క్లాసు గ్రూపులో ఇరవై రోజుల ముందే పెట్టారు. గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడి పోయింది, ఎవరూ రాసుకోలేదు. కానీ మిగతా సగం బద్ధకం కాదు. చేతిలో లేని నంబరుకి వచ్చే ఓటీపీని ఏ ప్లానింగ్ యాప్ తెచ్చిపెట్టదు. అందుకే మా మాట ఇది: మనకి ఫోన్ వాడకం అంటే గంటల లెక్క కాదు. ముందు నంబరు మన చేతిలో ఉండాలి, తర్వాత కాగితాలు, తర్వాత తేదీలు. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు నంబరు సంగతి. మన ఇళ్లలో సిమ్ కార్డు అంటే లెక్కే లేదు. ఆఫర్ వచ్చిందని కొత్త సిమ్ తీసుకుంటాం, డబ్బుల్లేక పాతదాన్ని మూలన పడేస్తాం. దాదాపు మూడు నెలలు వాడకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయిద్ది. కొన్నాళ్లకి ఇంకెవరికో ఇచ్చేస్తారు. అప్పుడు మన ఆధార్ ఓటీపీ, మన బ్యాంకు మెసేజ్ ముక్కూమొహం తెలియనోడికి పోతయ్. అందుకని ఇంట్లో కూర్చుని ఒక నంబరుని 'కాగితాల నంబరు' అని తేల్చుకోండి. అది చదువుకునే పిల్లల దగ్గర ఉండాలి. కంపెనీ మారాలనిపిస్తే పోర్ట్ పెట్టుకోండి, నంబరు మాత్రం మార్చొద్దు. పాత నంబరు పోయుంటే ఆధార్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేసి కొత్తది ఎక్కించుకోండి. పదిహేనేళ్లు నిండిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ పనిలోనే వేలిముద్రలు, కళ్ల వివరాలు కూడా అప్‌డేట్ చేయించుకోవాలి. చిన్నప్పుడు ఇచ్చినవి ఇప్పుడు సరిపోక ఎంతమంది తిరుగుతున్నారో మనకి తెలుసు. మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నయ్యో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మనది కానిది కనపడితే అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు.

బ్యాంకు ఖాతాల్లో కూడా ఒక మెలిక ఉంది. ఆధార్ ద్వారా వేసే డబ్బులు మనం చివరగా ఏ ఖాతాకి ఆధార్ లింక్ చేయించామో దాంట్లోనే పడతయ్. రెండు మూడు ఖాతాలు తెరిచినవాళ్లు, డబ్బులు రాలేదని తిరిగే ముందు ఇది చూసుకోండి.

రెండోది కాగితాలు. మన పెద్దోళ్లకి కాగితమంటే భయం. ఆ భయానికి కారణం ఉంది. 1871లో తెల్లోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 నుంచి మన మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఎరుకల వాళ్లనీ, ఇంకా ఎన్నో జాతుల వాళ్లనీ పుట్టుకతోనే నేరస్థులని రిజిస్టర్లో ఎక్కించారు. పోలీసులకి హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా రద్దు కాలేదు. అంటే అప్పట్లో మన పేరు, మన తేదీ అన్నీ ఇంకొకరి పుస్తకంలో ఉండేవి. ఇవాళ మన కుల ధ్రువీకరణ, మన మార్కుల మెమో మన దగ్గరే పెట్టుకునే వీలుంది. దాన్ని వాడుకోకపోతే ఎట్టా?

డిజిలాకర్ 2015లో వచ్చింది. ఆయా ఆఫీసులు అందులోకి నేరుగా ఇచ్చిన పత్రాలు అసలు పత్రాలతో సమానమని 2016 నాటి నిబంధనలు చెప్తున్నయ్. ఎవరైనా కౌంటర్లో కాదంటే ఈ మాట మర్యాదగా చెప్పండి. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నవాటికి మాత్రం ఆ విలువ లేదు. తేడా గుర్తుపెట్టుకోండి. అయినా ఫోటోలు తీసి మీ మెయిల్‌కి పంపుకోవటం మంచిదే. కాలవ గట్టు మీద గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలని అడగండి, ఒక్క వానకి రేకు పెట్టెలో కాగితాలు ఏమైతయ్యో చెప్తారు. ఇంకో మాట. "అన్నా, ఒకసారి చెక్ చెయ్యి" అని ఆధార్ ఫోటో గ్రూపుల్లో పడేస్తున్నారు. దయచేసి అట్టా పెట్టొద్దు. ఉమ్మడి ఫోన్ అయితే డిజిలాకర్ పిన్ ఎవరికీ చెప్పొద్దు.

మన రాష్ట్రంలో 2025 జనవరి 30న 'మన మిత్ర' వాట్సాప్ సేవలు మొదలైనయ్. నంబరు 95523 00009. ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లు, ఫలితాలు అందులోనే వచ్చినయ్. తండా నుంచి బస్సెక్కి, ఒక పూట కూలి పోగొట్టుకుని తెచ్చుకునే కాగితం కూర్చున్న చోటుకి వస్తే అది చిన్న మేలు కాదు. ఆ నంబరు సేవ్ చేసుకోండి. అదే పేరుతో వేరే నంబరు నుంచి ఏ లింకు వచ్చినా నొక్కొద్దు.

మూడోది తేదీలు. గంట గంటకీ ప్లాన్ మనకి అక్కర్లేదు. ఏడాదికి పది పన్నెండు తేదీలు తప్పిపోకుండా చూసుకుంటే చాలు: పరీక్ష ఫీజు, స్కాలర్‌షిప్, హాస్టల్ దరఖాస్తు, సెట్ పరీక్షలు, ఆదాయ ధ్రువీకరణ. తేదీ తెలిసిన నిమిషమే ఫోన్ క్యాలెండర్లో పెట్టండి. ఆఖరి రోజుకి అలారం పెడితే లాభం లేదు. పది రోజుల ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఒకటి పెట్టండి. పక్కనే ఏ కాగితం కావాలో, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వచ్చిద్దో రాయండి. అలారానికి నెట్ అక్కర్లేదు. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు సిగ్నల్ దొరకని తండాల్లో కూడా మోగుద్ది. ఫారాలు, నోట్సు టౌన్‌లో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఇంట్లో గోడ క్యాలెండర్ మీద కూడా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. చదువు రాని అమ్మకి కూడా అది కనపడిద్ది. కోతలకి పోయిన వాళ్లకి మెసేజ్ టైప్ చేసి పంపితే ఏం లాభం? మన గోర్ బోలీలోనో, ఎరుకల భాషలోనో వాయిస్ పంపండి. మన భాషకి లిపి లేకపోతే ఏం, గొంతు ఉంది కదా.

ఇదే ఫోను మనల్ని ముంచుతున్న మాట కూడా దాచలేం. రీల్స్‌లో రాత్రి రెండు అవుతుంది. బెట్టింగ్ యాప్‌లో ఫీజు డబ్బులు పోతయ్. లోన్ యాప్ మన ఫోన్లో ఉన్న నంబర్లన్నీ గుంజుకుని చుట్టాలందరికీ ఫోన్లు చేయించి పరువు తీస్తది. అలారం పెట్టుకునే వాళ్లు ఈ మూడింటినీ ఫోన్లో నుంచి తీసెయ్యకపోతే అలారం మోగినా వినపడదు.

ఇంకో సంగతి ఆఫీసుల వాళ్లు వినాలి. అన్నీ ఫోన్లోకి తేవటం మంచిదే. కానీ ఫోన్ లేనోడికి కూడా హక్కు ఉంటది. ఓటీపీ రాని మనిషికి వేలిముద్రతో, సంతకంతో పని జరిగే దారి మూసెయ్యొద్దు. గడువు తేదీలు కోతల కాలంలో పెట్టేటప్పుడు, మా అమ్మానాన్నలు ఆ నెలల్లో ఎక్కడుంటారో ఒకసారి ఆలోచించండి. మేం నేర్చుకుంటాం, మీరూ కాస్త సర్దుకోండి.

చివరగా మనకి మనం పెట్టుకోవాల్సిన పని ఒకటుంది. ఒక్కో తండాకి, ఒక్కో కాలనీకి ఒక చదువుకున్న పిల్లో పిల్లోడో బాధ్యత తీసుకోవాలి. సెలవులకి ఇంటికి పోయినప్పుడు రెండు రోజులు ఇంటింటికీ తిరిగి చూడాలి: ఆధార్‌కి ఏ నంబరు ఉంది, అది బతికే ఉందా, పిల్లల కాగితాలు ఏమున్నయ్, ఏం లేవు. ఓ పుస్తకంలో రాసుకోండి. పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం రాయొద్దు, అడగొద్దు.

పైన చెప్పిన తమ్ముడు ఈసారి సంక్రాంతి సెలవుల్లోనే నంబరు మార్పించుకున్నాడు. వాళ్ల తండాలో మిగతా ఇళ్లూ చూశాడు. పని చెయ్యని నంబర్లు ఆరు తేలినయ్. ఆ ఆరుగురినీ ఒకే ఆటోలో ఆధార్ సెంటర్‌కి తీసుకుపోయాడు. ఆటో కిరాయి అందరూ తలా కొంత వేసుకున్నారు.

కోతలు మొదలవ్వకముందే ఈ పని మన మన ఊళ్లలో అయిపోవాలి. మీ తండాలో ఎవరు చేస్తున్నారో చెప్పండి. ఎవరూ లేకపోతే మీరే.

మీ
గిరిజన విద్యార్థి మిత్రులం, పల్నాడు