తడిగుడ్డ చేసే పని

తడిగుడ్డతో గొంతు కోయడమనే జాతీయాన్ని ఏళ్ళ తరబడి క్లాసులో చెబుతున్నాను. తడిగుడ్డతో చెయ్యి కాలడం మాత్రం మొన్న మా వంటింట్లోనే చూశాను.

మా ఆవిడ పప్పుగిన్నె దించబోయి, "అమ్మో!" అని వదిలేసింది. పప్పు పోతే పోయింది, నాలుగు వేళ్ళూ ఎర్రగా కందిపోయాయి. పెరట్లో పంపు కింద చెయ్యి పెట్టించాను.

"రోజూ ఈ మసిగుడ్డతోనే దించుతున్నానండీ, ఇవాళేం వచ్చింది దీనికి?" అన్నది.

తడి వచ్చింది! మసిగుడ్డలో మన చేతిని కాపాడేది నూలొక్కటే కాదు, పోగుల మధ్య చిక్కుకున్న గాలి కూడా. గాలి వేడిని మోయడంలో మహా బద్ధకస్తురాలు. గుడ్డ తడిసిందా, గాలి ఉన్నచోట నీరు చేరుతుంది. అది గాలికంటె ఇరవై రెట్లకు పైగా వేడిని మోసుకొస్తుంది.

కరెంటు సంగతీ దాదాపు ఇంతే. లోహాలలో వేడినీ, కరెంటునూ మోసేవి ముఖ్యంగా ఎలక్ట్రానులే. అందుకే వెండి, రాగి రెండు పనులలోనూ ముందుంటాయి. ఈ పొత్తును జర్మనీలో వీడెమన్, ఫ్రాంజ్ అనేవారు 1853లో కనిపెట్టారు. ఎండుకర్ర, ఎండుగుడ్డ రెండింటినీ అడ్డుకుంటాయి. తడిస్తే మాత్రం ఆ భరోసా లేదు. లవణాలు కరిగిన పంపునీరు కరెంటుకు దోవ ఇస్తుంది.

ఇలా చెబుతూ తల ఎత్తుదును కదా, గుండె ఝల్లుమన్నది. మా అబ్బాయి కట్టిన ఇనుపతీగ దండెం, బోరు మోటారుకు వెళ్ళే వైరును రాసుకుంటున్నది. గాలికి ఊగి ఊగి వైరు తొడుగు ఒకచోట అరిగిపోయింది. ఇంకాస్త అరిగితే దండెంలోకి 230 వోల్టులు! బట్టలు ఆరేసే మనిషివా, తడిచేతులు, తడినేల, వట్టికాళ్ళు. తీగ పట్టుకున్న పిడికిలి బిగుసుకుపోతే విడిపించుకోవడం ఆ మనిషి వల్ల కాదు. చేత్తో లాగబోయినవారికీ అదే గతి. అటువంటప్పుడు ముందు మెయిన్ ఆపాలి.

నేనూ పరుగెత్తి అదే చేశాను. సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు మార్చాడు. ఇనుపతీగ పీకేసి నైలాను తాడు కట్టాను.

మా ఆవిడ తాడును ఎగాదిగా చూసి, "ఇదీ తడుస్తుంది కదండీ?" అన్నది.

పాఠం వంటబట్టినట్టే! అందుకే ఈసారి వైరున్న వైపుకే పోకుండా, అవతలి గోడకు కట్టాను.