నాయన రాత్రిళ్లు ఎందుకు లేస్తున్నాడు?

మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే పెద్దాయనలను గమనించండి. కొందరు బయల్దేరే ముందు కాఫీ కూడా ముట్టరు. దారిలో ఒంటికి వస్తే ఎలాగని భయం. ఇంట్లోవాళ్లు అడిగితే 'వయసైపోలేదూ' అని మాట దాటేస్తారు. షుగర్ కావచ్చు, పరీక్ష చేయించాల్సిందే. కానీ చాలామందిలో అసలు కారణం ఉసిరికాయంత గ్రంథి. ప్రోస్టేట్ అంటారు, తెలుగులో పౌరుషగ్రంథి. 'నాకు ప్రోస్టేట్ వచ్చిందట' అంటుంటారు గానీ అది కొత్తగా వచ్చేది కాదు, ప్రతి మగవాడికీ పుట్టుకతోనే ఉంటుంది.

ఎక్కడ? వృషణాల దగ్గరేమో అనుకుంటారు. కాదు. పొత్తికడుపు దిగువన చేతికి తగిలే ఎముక వెనక మూత్రాశయం ఉంటుంది. దాని అడుగున, సరిగ్గా మెడ దగ్గర ఈ గ్రంథి. దీనికి వెనకే పురీషనాళం. అందుకే డాక్టరు మలద్వారం గుండా వేలితో తడిమి దీని సైజు, గట్టిదనం అంచనా వేస్తారు. నిమిషం పట్టని పరీక్ష, అయినా సిగ్గుపడి తప్పించుకునేవాళ్లే ఎక్కువ.

వీర్యానికి కొంత ద్రవం అందించడం దీని పని. చిక్కల్లా మూత్రనాళం దీని నడిమధ్య నుంచి పోవడమే, రుద్రాక్షలోంచి దారం పోయినట్టు. యౌవనంలో సుమారు 20 గ్రాములుండే గ్రంథిలో 40 దాటాక నాళాన్ని ఆనుకున్న లోపలి భాగం పెరగడం మొదలవుతుంది. 60 ఏళ్లకు దాదాపు సగం మందిలో ఈ మార్పు ఉంటుంది. డ్రిప్పు పైపును వేళ్లతో నొక్కినట్టే! ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి.

ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. క్యాన్సర్ ఎక్కువగా వెలుపలి భాగంలో, పురీషనాళం వైపు పుడుతుంది. నాళానికి దూరం కాబట్టి మొదట్లో ఏ ఇబ్బందీ తెలియకపోవచ్చు. పీఎస్ఏ రక్తపరీక్ష తమకు అవసరమా అని 50 దాటినవాళ్లు డాక్టర్ని అడగడం మంచిది.

వాపునకు మందులున్నాయి, అవసరమైతే ఆపరేషన్ ఉంది. నీళ్లు మానేయొద్దు, పడుకునే ముందు తగ్గిస్తే చాలు. కొన్ని జలుబు మాత్రలతో మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు, కొనేటప్పుడే ఈ బాధ ఉందని చెప్పండి. ఒక్క చుక్కా రాక కడుపు ఉబ్బితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గొట్టం వేసి మూత్రం తీసేస్తారు.