గీకాల్సింది సగమే

గాంధీనగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు ఏ స్టడీ హాల్లోకైనా తొంగిచూడండి. గ్రూప్స్ పుస్తకాల వెనక బీటెక్ వాళ్లు బోలెడు మంది కనిపిస్తారు. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం అడిగితే వేళ్లు చాపి మరీ చెప్తారు. స్కూల్లో నీ చేత్తో ఒక్క మోటారైనా తిప్పావా అంటే మాత్రం నవ్వేస్తారు. తప్పు వాళ్లది కాదు లెండి. చాలా బళ్లలో సైన్స్ ల్యాబ్ అంటే తాళం వేసిన బీరువా.

ఆ తాళం సంగతి పట్టించుకున్నవాళ్లలో రామ్‌జీ రాఘవన్ ఒకరు. ఇంజనీరు కాదు, బ్యాంకరు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో చదివి, విదేశాల్లో పెద్ద ఉద్యోగాలు చేసి, అవన్నీ వదిలేసి 1999లో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పెట్టారు. కుప్పం దగ్గర 172 ఎకరాల బీడు నేలలో సైన్స్ క్యాంపస్ లేచింది. సరే, పల్లెటూరి పిల్లలు అంత దూరం రోజూ ఎలా వస్తారు? అందుకని ల్యాబునే వ్యానెక్కించారు. వ్యాను పోలేని ఊళ్లకి బైక్ వెనక పెట్టె కట్టి పంపారు. ఈ బైక్ ల్యాబుకే 2013లో గూగుల్ ఇంపాక్ట్ ఛాలెంజ్‌లో 3 కోట్లు వచ్చాయి. నాకు ఇంకా నచ్చింది వేరే ఉంది: పిల్లల్లోంచే కొందరికి నేర్పించి, వాళ్లతోనే మిగతా పిల్లలకి చెప్పిస్తారు. తోటి పిల్ల చెప్తుంటే 'అర్థం కాలేదు' అనడానికి భయముండదు కదా.

అయితే వ్యాను వెళ్లిపోయాక ఏంటి? మర్నాడు మళ్లీ నోట్సేనా? ఇక్కడే అరవింద్ గుప్తా గుర్తొస్తారు. ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, టెల్కో ఉద్యోగం మానేసి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో సైన్స్ బొమ్మలు చేయించిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. పారేసే సామానుతో చేసిన బొమ్మ పిల్లల దగ్గరే ఉండిపోతుంది, ఏ వ్యానూ తీసుకెళ్లదు.

మీరూ చెయ్యొచ్చు. మీ గల్లీ సర్కారు బడి హెడ్‌మాస్టర్ని అడిగి, ఒక శనివారం ఒక గంట తీసుకోండి. ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ, ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం చాలు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే తీగ దొరుకుతుంది. తీగని గుండ్రంగా చుట్టి, రెండు కొసలు అటూ ఇటూ బయటికి వదలాలి. ఒక కొసకి పూత మొత్తం గీకెయ్యాలి. రెండోదానికి మాత్రం ఒక పక్కే గీకాలి, సగం పూత అలాగే ఉండాలి. పిన్నీసుల్లో కొసలు దూర్చి, కింద అయస్కాంతం పెట్టి, వేలితో కొంచెం తడితే చుట్ట గిర్రున తిరుగుతుంది. ప్రతి సగం చుట్టుకీ కరెంటు ఆగితేనే అది ముందుకి పోతుంది. లేకపోతే వెనక్కి లాగేస్తుంది.

ఎవరో ఒక పిల్లాడు తప్పకుండా రెండు కొసలూ పూర్తిగా గీకేస్తాడు. చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. 'ఎందుకు సార్?' అంటాడు. వెంటనే చెప్పేయకండి. ఇంకో తీగ ముక్క చేతికివ్వండి.