సిగ్నల్‌ పోయిన ఊళ్లో జవాబిచ్చే పెట్టె

2014 అక్టోబరు 12. హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. చెట్లు, కరెంటు స్తంభాలతోపాటు సెల్‌ టవర్లూ చేతులెత్తేశాయి. ఆ తర్వాత నగరంలో అందరి నోటా ఒకటే మాట... 'మనవాళ్లు ఎలా ఉన్నారో!' నాలుగు వీధుల అవతల ఉన్న చెల్లెలికి ఫోన్‌ కలవదు. వేరే ఊళ్లో ఉన్న కొడుకు ఎన్నిసార్లు చేసినా ఇటు మోగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ నీట మునిగినప్పుడూ అదే కథ. మేడల మీద మనుషులున్నారు, చేతిలో ఫోన్లున్నాయి. వాటికి ఛార్జింగే లేదు.

టవర్‌ లేకుండా, ఇంటర్నెట్‌ లేకుండా కబురు పంపే దారి లేదా? ఉంది. దాని పేరు మెష్‌ రేడియో. ఆ రేడియో పక్కనే కూర్చుని, అడిగినవాళ్లకు తనంతట తానే జవాబిచ్చే చిన్న కంప్యూటర్‌ ప్రోగ్రామే బాట్‌. ఆసక్తి ఉన్న కుర్రాళ్లు ఒకరిద్దరుంటే చాలు, ఏ కాలనీవాళ్లయినా దీన్ని అమర్చుకోవచ్చు. అయితే ఒక్క షరతు... దానికి మాట్లాడటం కన్నా ముందు ఊరుకోవడం నేర్పాలి!

పక్కింటినుంచి పక్కింటికి

పల్లెటూళ్లో కబురు ఎలా పాకుతుంది? ఒకరు పక్కింటికి చెబుతారు. వాళ్లు ఆ పక్కింటికి. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. మెష్‌ రేడియో చేసేదీ అదే. అరచేతిలో పట్టే ఈ పరికరాలు ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకుని ముందుకు పంపుతాయి. మధ్యలో టవర్‌ లేదు, నెలనెలా బిల్లూ లేదు.

ఇందులో వాడే రేడియో పద్ధతి పేరు లోరా. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పుట్టింది. అక్కడి చిన్న కంపెనీని 2012లో సెమ్‌టెక్‌ సంస్థ కొనేసింది. లోరా వేగం నత్తనడకే. పాటలు, ఫొటోలు పంపడానికి పనికిరాదు. కానీ చాలా తక్కువ కరెంటుతో చాలా దూరం వెళ్తుంది. మేడలు కిక్కిరిసిన వీధుల్లో ఒకటి రెండు కిలోమీటర్లు, అడ్డం లేకుండా కొండ మీదనుంచైతే పదుల కిలోమీటర్లు.

దీనిమీద నడిచే సాఫ్ట్‌వేర్లలో బాగా పేరున్నది మెష్‌టాస్టిక్‌. కెవిన్‌ హెస్టర్‌ అనే ప్రోగ్రామర్‌ 2020లో మొదలుపెట్టారు. ఉచితం. రేడియోను బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే మామూలుగా మెసేజ్‌ టైప్‌ చేసినట్టే చేయొచ్చు. ఆ సందేశం సాధారణంగా మూడు మజిలీల దాకా వెళ్తుంది. కావాలంటే ఏడుకు పెంచుకోవచ్చు.

ఇక్కడో ముచ్చటైన సంగతి ఉంది. సందేశం వినగానే ప్రతి రేడియో అరవదు. కాస్త ఆగుతుంది. ఈలోగా వేరే రేడియో దాన్ని ముందుకు పంపేస్తే, ఇది నోరు మూసుకుంటుంది. 'వాళ్లు చెప్పేశారుగా, నేనెందుకు?' అన్నమాట. ఈ మర్యాద ఉండబట్టే నెట్‌వర్క్‌ నడుస్తోంది.

బాట్‌ ఎందుకు?

రేడియో కొన్నవాళ్లు మొట్టమొదట పంపే సందేశం దాదాపు ఒకటే... 'ఎవరైనా వింటున్నారా?' అర్ధరాత్రి పంపితే జవాబు రాదు. కబురు చేరలేదా? చేరినా అవతలి మనిషి నిద్రపోతున్నాడా? తెలియదు. ఆపదలో అన్నింటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఆ తెలియకపోవడమే.

2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచెత్తినప్పుడు హామ్‌ రేడియో ఆపరేటర్‌ భారతీ ప్రసాద్‌ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్‌ రేడియో సంస్థ తరఫున వెళ్లిన బృందం అది. సెట్‌ ముందు కూర్చుని ఆమె దీవుల క్షేమ సమాచారాలను బయటి ప్రపంచానికి చేరవేశారు. అలాంటి మనిషి ప్రతి కాలనీలోనూ ఉండాలంటే కుదిరే పనికాదు. బాట్‌ ఆమె చేసిన పని చేయలేదు. కానీ రాత్రీపగలూ మేలుకుని ఉండగలదు.

దానికి అప్పగించదగ్గ పనులు నాలుగు. ఒకటి - 'హలో' అంటే 'విన్నాను' అని చెప్పడం. రెండోది - క్షేమం పట్టీ. 'బాగున్నాం' అని ఎవరు పంపినా పేరు, సమయం రాసుకుని తర్వాత అడిగిన కుటుంబసభ్యులకు చెబుతుంది. మూడోది - ఉత్తరాల పెట్టె. అవతలివాళ్ల రేడియో ఆపేసి ఉంటే సందేశం దాచి, ఆ రేడియో మళ్లీ వినపడగానే అందిస్తుంది. నాలుగోది - దగ్గర్లోని కొలతలు. ట్యాంకులో నీళ్లెన్ని, బ్యాటరీ ఎంతుంది, ఎంత వాన పడింది. ఇంటర్నెట్‌నుంచి తెచ్చే వాతావరణ సమాచారాన్ని నమ్ముకుంటే లాభం లేదు. అవసరమైన రోజున ఆ ఇంటర్నెట్టే ఉండదు.

అమర్చడం ఇలా...

కావాల్సినవి మూడు. ఓ లోరా రేడియో బోర్డు, రాస్‌బెరీ పై లాంటి బుల్లి కంప్యూటర్‌, వాటిని కలిపే యూఎస్‌బీ కేబుల్‌. రేడియోకి ముందు యాంటెనా బిగించాలి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి. యాంటెనా లేకుండా ప్రసారం చేస్తే రేడియో పాడయ్యే ప్రమాదం ఉంది. తర్వాత మెష్‌టాస్టిక్‌ ఎక్కించి, ప్రాంతం దగ్గర 'ఇండియా' ఎంచుకోవాలి. అది ఎంచుకునేదాకా రేడియో పెదవి విప్పదు.

కంప్యూటర్‌లో పైథాన్‌ భాషకి మెష్‌టాస్టిక్‌ వాళ్లే ఇచ్చిన లైబ్రరీ ఎక్కించుకోవాలి. ఇక ప్రోగ్రామ్‌ పని సులువు. సందేశం వచ్చినప్పుడల్లా లైబ్రరీ తలుపు తడుతుంది. ఎవరు పంపారు, ఏమన్నారు, అందరికీ పంపారా, బాట్‌కి మాత్రమే పంపారా... అన్నీ చెబుతుంది. మొదటి మాట చూసి సరైన జవాబు వెతికి, తిరిగి పంపడమే బాట్‌ పని. పైథాన్‌ నేర్చుకుంటున్న ఇంటర్‌ కుర్రాడు కూడా రెండు మూడు సాయంత్రాల్లో తొలి మెట్టు ఎక్కేయగలడు. కరెంటు పోయి వచ్చాక ప్రోగ్రామ్‌ తనంతట తానే మొదలయ్యేలా పెట్టడం మాత్రం మరవకూడదు. మేడెక్కి బటన్‌ నొక్కే మనిషి ఆ రోజు అందుబాటులో ఉండకపోవచ్చు.

బ్యాటరీ లెక్క కూడా ముందే వేసుకోవాలి. 12 వోల్టుల, 7 ఆంపియర్‌అవర్ల చిన్న బ్యాటరీలో ఉండేది 84 వాట్‌అవర్లు. మొత్తం అమరిక 2 వాట్లు తీసుకుంటే కాగితం మీద 42 గంటలు. నష్టాలు తీసేస్తే ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర. సౌరఫలకం ఉంటే మంచిదే. తుపాను మబ్బుల్లో దానిమీద పూర్తి భరోసా పెట్టుకోకూడదు.

నోరు అదుపులో ఉండాలి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. తెలివైన బాట్‌ అంటే బోలెడు మాట్లాడేదనుకుంటారు. మెష్‌లో ఒక సందేశానికి దొరికే చోటు దాదాపు 200 బైట్లు. మెష్‌టాస్టిక్‌లో ముందే అమర్చి ఉండే వేగంలో అంత సందేశం గాల్లోకి వెళ్లడానికి రెండు సెకన్ల దాకా పడుతుంది. మధ్యలోని రేడియోలన్నీ దాన్ని మళ్లీ చెబుతాయి. ఆ కాసేపూ దగ్గర్లో ఇంకెవరూ మాట్లాడటానికి వీల్లేదు. పదిమంది ఒకేసారి 'వాతావరణం' అని అడిగితే, బాట్‌ పదిమందికీ పేరాలు పేరాలు వినిపిస్తే... ఆ సందడిలో 'నాన్నకి ఆయాసం, డాక్టర్‌ కావాలి' అన్న కబురు నలిగిపోతుంది. సాయం చేయడానికి పెట్టిన యంత్రమే అడ్డుగోడ అవుతుంది.

తెలుగుకి మరో చిక్కు. ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైట్‌ చాలు. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు... ఒక్కోదానికి మూడేసి. 'నీళ్లు' అన్న చిన్నమాటకే 18 బైట్లు. అదే మాటను ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ఆరింటితో సరి. అలాగని తెలుగు వదలక్కర్లేదు, పొదుపుగా వాడితే చాలు. 'ట్యాంకు సగం. ఉ.6.10' అంటే 41 బైట్లే. బామ్మకీ అర్థమవుతుంది.

కాబట్టి బాట్‌కి కొన్ని కట్టుబాట్లు తప్పవు. తనను పిలిస్తేనే పలకాలి. జవాబు అడిగినవాళ్లకే వెళ్లాలి తప్ప అందరి ఛానెల్‌లో కాదు. ఒకే మనిషి అదేపనిగా అడుగుతుంటే అరనిమిషమన్నా ఆగాలి. ముఖ్యంగా మరో బాట్‌ మాటకి జవాబివ్వకూడదు. రెండు బాట్‌లు 'విన్నాను', 'నేనూ విన్నాను' అనుకుంటూ కూర్చుంటే బ్యాటరీ అయిపోయేదాకా అంతే సంగతులు!

ఈ చిన్న కంప్యూటర్లలో ఇంటర్నెట్‌ లేకుండా నడిచే చిన్నపాటి కృత్రిమ మేధ నమూనాలూ వస్తున్నాయి. బాట్‌కి కలపడం సరదాగానే ఉంటుంది. కానీ పాము కాటుకి ఏం చేయాలని అడిగినప్పుడు అది నమ్మకంగా ఓ తప్పు చెబితే? పెద్దవాళ్లు ముందే చూసి రాసిపెట్టిన పది జవాబులు అంతకన్నా మేలు. పదకొండో ప్రశ్నకి 'తెలియదు' అనాలి. ఒక్కసారే అనాలి.

గడియారం తప్పితే...

అబద్ధం చెప్పాలని ఏ యంత్రమూ అనుకోదు. కానీ చెప్పేస్తుంది. రాస్‌బెరీ పైలో 4 దాకా వచ్చిన మోడళ్లలో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు. అవి ఇంటర్నెట్‌ని అడిగి టైమ్‌ దిద్దుకుంటాయి. కరెంటూ, నెట్టూ రెండూ పోయి, కరెంటొక్కటే వచ్చిందనుకోండి. బాట్‌ దృష్టిలో ఇంకా నిన్నటి రాత్రే. 'సుబ్బారావుగారి కుటుంబం క్షేమం, రాత్రి 10' అని చెబుతుంది. ఆ కబురు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. వెళ్లి చూడాల్సినవాళ్లు ఆగిపోతారు. బటన్‌ బ్యాటరీతో నడిచే గడియారం ముక్క ఒకటి తగిలిస్తే ఈ తిప్పలు ఉండవు. జీపీఎస్‌ ఉన్న రేడియో అయితే దాన్నుంచీ సమయం తీసుకోవచ్చు. ఏదేమైనా ప్రతి జవాబులోనూ అది ఎప్పటి సంగతో ఉండాల్సిందే.

చట్టం, గుట్టు

మన దేశంలో 865-867 మెగాహెర్ట్జ్‌ మధ్య తక్కువ శక్తి పరికరాలకు 2005లోనే లైసెన్సు మినహాయించారు. దాన్ని 2021లో 868 దాకా పెంచారు. అలాగని ఇష్టారాజ్యం కాదు. ప్రసార శక్తి 1 వాట్‌, తరంగం వెడల్పు 200 కిలోహెర్ట్జ్‌ దాటకూడదు. మెష్‌టాస్టిక్‌లో ముందే అమర్చి ఉండే పద్ధతి వెడల్పు 250. అందుకే 125 ఉండే నిదానం పద్ధతికి మార్చుకోవాలి. అప్పుడు నిండు సందేశానికి ఐదు సెకన్లు దాటుతుంది. పొదుపుగా మాట్లాడాలనడానికి ఇంకో కారణం దొరికినట్టే. పరికరానికి మన దేశంలో ఆమోదం ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

గుట్టు సంగతీ ఆలోచించాలి. మెష్‌టాస్టిక్‌లో అందరికీ వచ్చే మామూలు ఛానెల్‌కి తాళం ఉంది కానీ, దాని తాళంచెవి లోకానికంతా తెలుసు! 'మేం ఊరెళ్లాం, ఇంట్లో ఎవరూ లేరు' అని అందులో చెప్పడమంటే వీధి గోడమీద రాయడమే. కాలనీకి సొంత తాళంతో ఛానెల్‌ పెట్టుకోవాలి. ఇద్దరి మధ్య నడిచే సందేశాలకు 2024నుంచి విడి తాళాలు వచ్చాయి. బాట్‌తో మాట్లాడటానికి అదే పద్ధతి క్షేమం.

ఇంకో మాట. ఈ పెట్టె 112కి ఫోన్‌ చేయదు, పడవ పంపదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఊరు వదలమంటే వదలాల్సిందే. అధికారుల మాట విన్నాక, ఇరుగుపొరుగును కలిపి ఉంచే దారంగానే దీన్ని చూడాలి.

ఓ ఆదివారం పరీక్ష

అన్నీ అమర్చాక బీరువాలో పెట్టి మరచిపోతే లాభం లేదు. రెండు మూడు నెలలకోసారి, ఓ ఆదివారం పొద్దున కాలనీ అంతా కలిసి చిన్న పరీక్ష పెట్టుకోవాలి. బాట్‌ ఉన్న ఇంట్లో మెయిన్‌ ఆపేయాలి. వైఫై ఆపేయాలి. అందరూ ఫోన్లలో సిమ్‌ ఆపేసి, రేడియోతోనే 'హలో' అని పంపాలి. ఎవరికి జవాబొచ్చింది? ఏ వీధి చివర రాలేదు? టైమ్‌ సరిగ్గా చెప్పిందా? పెద్దవాళ్లకు ఆ అక్షరాలు కనబడ్డాయా? ఓ కాగితం మీద రాసుకోవాలి.

ఎక్కడో ఓ వీధికి అందలేదని తేలుతుంది. అక్కడో మేడమీద మరో రేడియో పెడితే సరిపోతుంది. ఆదివారం బయటపడిన లోపాన్ని సోమవారం బాగుచేసుకోవచ్చు. తుపాను రోజున బయటపడితే మాత్రం చేయగలిగిందేమీ ఉండదు.